వాలు వ్రాత

 

గడచిన సంక్రాంతికి నేను మా ఊరికి పోయియుంటిని. ఊరి మొగదల వేపచెట్టు క్రింది గద్దెకు ఎదురుగా కుఱ్ఱవాండ్రు కబడ్డీ పందెములను గూర్చి పెద్ద ఫ్లెక్సీ యొకటి కట్టియుండిరి. దానిమీది అక్షరములు మిక్కిలి దళసరివి. చాల దూరమునుండియే కనబడుచుండెను. వాని మూలలు గుండ్రనివి కావు. గొడ్డలితో చెక్కినట్లు కోణములు తేలియుండెను. మఱియు అన్నియు, ఎదురుగాలిలో పరుగెత్తువాని వలె, కుడిప్రక్కకు వాలియుండెను. గద్దెపై కూర్చున్న తొంబదియేండ్ల పెద్దయ్య నన్ను దగ్గరకు పిలిచి, “బిడ్డా, పట్నములో ఉండువాడవు గదా. ఇవి ఏమి అక్షరములు? కల్లు త్రాగినవాని వలె ఒరిగిపోవుచున్నవి. తెలుగక్షరము ముత్యము వలె ఉండవలదా?” అని అడిగిరి.

“పెద్దయ్యా, ఇది ఒక్క మాటలో తేలునది కాదు, తీరికగా చెప్పెదను” అని నేనప్పటికి తప్పించుకొంటిని. ఆ బాకీ తీర్చుకొనుటకే నేటి ఈ ప్రసంగము.

నేను హైదరాబాదు పాతబస్తీలో చిరకాలముగా కాపురమున్నవాడను. మా యింటికి కూతవేటు దూరములో ఛత్తాబజారు కలదు. పెండ్లి పత్రికలకు, అచ్చుకూటములకు, అందమైన చేవ్రాతకు ఆ బజారు పేరుపొందినది. ప్రతిదినము ఆ త్రోవను పోవుచు, వచ్చుచు నేను గ్రహించినదేమనగా, దళసరితనము, కోణము, వాలు అను ఈ మూడు గుణములును యంత్రము కనిపెట్టినవి కావు. అవి మూడును మనుష్యుని చేతినుండి పుట్టినవి. యంత్రము వానిని ఆలస్యముగా, అందును సగము సగముగా, నేర్చుకొనినది. ఈ మాటకు సాక్ష్యము పాతబస్తీలోనే కలదు.

మొదట దళసరితనమును చూతము. అక్షరములలో రెండు జాతులు కలవు. ఒకటి పుస్తకపు అక్షరము. రెండవది గోడ అక్షరము. పుస్తకపు అక్షరము చేతిలో పట్టుకొని గంటల తరబడి చదువదగినది. కంటికి అలసట కలుగనీయకుండుటయే దాని ధర్మము. గోడ అక్షరము అట్టిది కాదు. దారిన పోవువానిని అది కేక వేసి నిలుపవలెను. కావున అది పెద్దదియు, దళసరిదియు, కొంత విచిత్రమైనదియు కావలసియుండును.

మూసీ నదిని నయాపూలు మీదుగా దాటి, 1591లో కట్టబడిన చార్మినారు వైపు పోవునపుడు మదీనా కూడలికి సమీపమున బాద్‌షాహీ ఆషూర్‌ఖానా కలదు. మహమ్మదు కులీ కుతుబుషా కాలమున, 16వ శతాబ్ది చివరి దశకములో, దానిని కట్టిరి. లోపలి గోడలకు నీలము, పసుపు, ఆకుపచ్చ మొదలగు వన్నెల మెఱుగు పలకలు తాపడము చేసిరి. పీరుల ఆకారములలో అరబ్బీ అక్షరములు ఆ పలకలమీద ఇమిడియున్నవి. లోపలికి అడుగుపెట్టినవానికి ముందుగా ఆ అక్షరముల రూపము కనబడును. అటుపిమ్మటనే వాని అర్థము తెలియును. గోడ అక్షరమునకు ఇదియే లక్షణము. 1908లో మూసీకి వచ్చిన గొప్ప వరదలో అచటి క్రింది భాగపు పలకలు చెడిపోగా, తరువాత ఆ మేరకు రంగుపూతతో వానిని అనుకరించిరి. పైన పలక, క్రింద పూత. ఈ రెంటికిని గల భేదమును జ్ఞాపకముంచుకొనుడు. మఱల మనకు అవసరపడును.

పడమటి దేశములలో గోడ అక్షరము అచ్చులోనికి వచ్చుటకు చాల కాలము పట్టినది. 19వ శతాబ్ది మొదటి దశకములలో లండను నగరమున వర్తకము పెరిగి, సరకులను గూర్చిన ప్రకటనలు గోడలకెక్కగా, పుస్తకపు అక్షరము ఆ పనికి చాలదని తెలిసికొని అచటి అచ్చక్షరములు పోతపోయువారు బాగుగా బలిసిన అక్షరములను చేసిరి. నేడు మనము చూచు ప్రకటనాక్షరములకన్నిటికిని ఆ దళసరి అక్షరములే పూర్వులు.

రెండవది కోణము. ఇరాకు దేశమందలి కూఫా నగరము పేరిట పిలువబడు కూఫీ లిపి అరబ్బీ వ్రాతలలో ప్రాచీనమైనది. నిలువు గీతలు, అడ్డ గీతలు, మూలలు — ఇదియే దాని రూపము. మూసీ యొడ్డున దారుల్‌షిఫాలో నున్న సాలార్‌జంగు మ్యూజియములో కూఫీ లిపిని తోలు పత్రములపై వ్రాసిన పురాతనమగు ఖురాను ప్రతి కలదు. చూచినవారికి అక్షరములు వ్రాసినట్లు గాక ఇటుకలు పేర్చి కట్టినట్లు తోచును. రాతిపై చెక్కునపుడును ఇదే న్యాయము. ఉలి నేరుగా సులభముగా పోవును; వంపు తిరుగుట దానికి కష్టము. కావున కోణము రాతికిని ఉలికిని సహజము.

మన తెలుగు అక్షరము గుండ్రనగుటకును పనిముట్టే కారణమని పెద్దలు చెప్పుదురు. మన పూర్వులు తాటాకుపై ఇనుప గంటముతో వ్రాసిరి. ఆకు ఈనె వెంబడి నేరుగా గీత గీచినచో ఆకు చీలును. వంపుగా తిప్పినచో చీలదు. ఆ జాగ్రత్తయే మన లిపికి ముత్యాల సరమను పేరు తెచ్చినది. అయినను ఆ ముత్యముపై నున్న తలకట్టును చూడుడు. అది గుండ్రనిది కాదు. ఒక ప్రక్కకు దిగి, మఱల పైకెగసిన వాలు గీత. కనుక మన అక్షరములో వాలు లేదనుట సరికాదు.

ఇక మూడవదియు ముఖ్యమైనదియునగు వాలును గూర్చి చెప్పెదను.

పాతబస్తీలో ఏ దుకాణపు పలక చూచినను ఉర్దూ వ్రాత కనబడును. ఆ వ్రాత పేరు నస్తాలీఖు. నస్ఖు, తాలీఖు అను రెండు వ్రాతల కలయికచే దీనికీ పేరు వచ్చినది. తాలీఖనగా వ్రేలాడుట. 14, 15 శతాబ్దుల నడుమ పారశీక దేశమున ఇది రూపుగొనినది. మీర్ అలీ తబ్రీజీ దీనికి ఆద్యుడగు గురువని చెప్పుదురు. ఈ వ్రాతలో ఒక మాట పంక్తిపై నేరుగా కూర్చుండదు. కుడివైపున ఎత్తున మొదలై, ఎడమకు దిగుచు వచ్చి, చివర పంక్తిపై వాలును. మాట పొడవైనకొలది దాని మొదలు అంత ఎత్తునకు లేచును. మెట్లు దిగి వచ్చు నీటివలె ఆ వ్రాత పారుచుండును.

దీనికి పనిముట్టు రెల్లు కలము. దాని మొనను అడ్డముగా గాక ఏటవాలుగా కోయుదురు. అందుచే చేయి ఒక దిక్కునకు పోయినపుడు గీత బలియును. వేఱొక దిక్కునకు పోయినపుడు వెండ్రుకవలె సన్నగిలును. కలమును కాగితముపై నొక్కి తీసినచో మూలలుగల చుక్క పడును. ఆ చుక్కయే కొలత. అలిఫు అను అక్షరము మూడు చుక్కల ఎత్తు. ఇట్లే ప్రతి వంపునకును లెక్క కలదు. చూచుటకు స్వేచ్ఛగా పారునట్లున్న ఆ వ్రాత వెనుక వడ్రంగి కొలబద్దవంటి కట్టుబాటున్నది.

వాలు ఎందులకు పుట్టినది? త్వరచేత పుట్టినది. దర్బారులలో ఫర్మానులు, లెక్కలు, ఉత్తరములు దినమునకు వందలుగా వ్రాయవలసియుండెను. ప్రతి యక్షరమును నిలిపి చెక్కుటకు గుమాస్తాకు తీరిక లేదు. కలము ఎత్తకుండ, ఒక అక్షరపు తోక నుండి తరువాతి అక్షరపు తలను అందుకొనుచు అతడు వ్రాసెను. పరుగెత్తు మనుష్యుడు ముందునకు వాలునట్లే, పరుగెత్తు చేతి వ్రాతయు వాలెను. నస్తాలీఖు కంటెను వేగముగా వ్రాయు శికస్తా అను వ్రాతయు కలదు. శికస్తా యనగా విఱిగినది. షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పరిపాలనకు చెందిన లక్షకు పైబడిన పారశీక పత్రములు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్ర భాండాగారమున నున్నవి. వానిలో పెక్కింటిని చదువుటకు పారశీక భాష వచ్చినంత మాత్రమున చాలదు. శికస్తా చదువు కన్నును కావలెను.

ఇటలీ దేశమందును ఇదియే జరిగినది. అచటి కచేరీ లేఖకులు త్వరగా వ్రాయు వాలు వ్రాతను చూచి, వెనిసు నగరమున ఆల్డస్ మనూషియస్ అను ముద్రాపకుడు దానిని సీసపు అక్షరములలో పోతపోయించెను. అక్షరములకు ఉక్కు అచ్చులు చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో అను పనివాడు. 1501లో వర్జిలు కవి గ్రంథమును ఆ వాలు అక్షరములతో చిన్న పుస్తకముగా అచ్చువేసిరి. ఇటలీలో పుట్టినందున దానికి ఇటాలిక్ అని పేరు. గమనింపదగిన దొక్కటి. గ్రిఫో నిలువు అక్షరమును పట్టుకొని ప్రక్కకు వంచలేదు. వాలు వ్రాతలో చేయి ఎట్లు తిరుగునో చూచి, ప్రతి యక్షరమును క్రొత్తగా చెక్కెను. వంచిన అక్షరము వేఱు. వాలుగా వ్రాసిన అక్షరము వేఱు.

పెద్దలారా, మనకును అట్టి వ్రాత కలదు. అదియే గొలుసుకట్టు. కరణములు, పట్వారీలు, షావుకారుల గుమాస్తాలు వ్రాసిన వ్రాత. మాటకును మాటకును ఎడమీయక, కలము లేపక, తలకట్టును ముందటి అక్షరమునకు లంకెవేయుచు గొలుసువలె సాగునది. మా తాతగారు నిజాము కాలమున పట్వారీగా నుండిరి. వారి చేతివ్రాతలో అక్షరములన్నియు కుడికి ఒరిగియుండును. ముత్యములు కావవి; వానకాలపు కాలువ వలె ఒక్క పరుగున పోవును. పారశీక దఫ్తరులో నస్తాలీఖు, ఇటలీ కచేరీలో ఇటాలిక్, మన చావడిలో గొలుసుకట్టు — ఒకరినొకరు ఎఱుగని మూడు దేశముల గుమాస్తాలు ఒకే త్వరచేత ఒకే గుణమును కనుగొనిరి. కావున వాలనగా పడిపోవుట కాదు. చేయి పరుగెత్తిన జాడ.

ఆ జాడ ఆటలకెట్లు సంక్రమించినది? 20వ శతాబ్ది మొదట మోటారు బండ్లు, విమానములు వచ్చి, వేగమే జనుల కన్నులకు క్రొత్త వింతయైనది. 1909లో మారినెట్టి అను ఇటలీ కవి వేగమును దైవముగా కొనియాడుచు ఒక ప్రకటన వెలువరించెను. అతని అనుచరులగు భవిష్యవాదులు అచ్చు పుటలపై అక్షరములను చిన్నవిగను పెద్దవిగను చల్లి, ఏటవాలుగా పరుగెత్తించిరి. కొలది యేండ్లకు ఫ్రాన్సులో లార్తీగ్ అను యువకుడు పందెపు మోటారుబండిని ఛాయాచిత్రము తీయగా, కెమెరా తెఱ జాఱునంతలో బండి ముందునకు పోయినందున చక్రము గ్రుడ్డు వలె సాగి ముందునకు వాలినట్లు పడినది. పొరపాటున పడిన ఆ వాలు చూచువారికి వేగముగా తోచినది. చిత్రకారులు పరుగును చూపదలచినపుడు బొమ్మను వాల్చుచున్నారు. ప్రకటనలు వ్రాయువారు అక్షరమును వాల్చుచున్నారు. దళసరితనము బలమునకు గుర్తు, కోణము కఱకుదనమునకు గుర్తు, వాలు వేగమునకు గుర్తు. బలము, కఱకుదనము, వేగము ఆటగానికి కావలసిన గుణములే గదా. ఆ మూటిని ఒక్క అక్షరములో కూర్చి మన కుఱ్ఱవాండ్రు వేపచెట్టు ఎదుట కట్టిరి.

ఇంతవరకు చేతి కథ. ఇక యంత్రపు కథ.

సీసపు అక్షరము చిన్న ఇటుక వంటిది. ఇటుకలను వరుసగా పేర్చినచో పంక్తి యగును. రోమను అక్షరములకు ఈ పద్ధతి సుఖముగా కుదిరినది; తెలుగునకు ఒత్తులు, గుణింతముల వలన కొంత కష్టముగా కుదిరినది. నస్తాలీఖునకు మాత్రము కుదురలేదు. ప్రక్క అక్షరమును బట్టి ఆకారము మాఱు అక్షరములను, మాట పొడవును బట్టి ఎత్తు మాఱు అక్షరములను చతురస్రపు ఇటుకలలో బంధించుట ఎట్లు? ఎందఱో ప్రయత్నించిరి గాని, మెట్లవలె దిగవలసిన వ్రాత సీసములో నేలబారుగా మాఱెడిది. చదువరులు దానిని మెచ్చలేదు.

వారిని ఆదుకొనినది రాయి. బవేరియా దేశమున సెనిఫెల్డరు 18వ శతాబ్ది చివర రాతి అచ్చును కనుగొనెను. కాతిబు, అనగా లేఖకుడు, జిడ్డు సిరాతో ప్రత్యేకపు కాగితముపై వ్రాయును. ఆ వ్రాతను నున్నని రాతిపైకి ఎక్కింతురు. రాతిని తడిపి సిరా పూసినచో, తడి యున్నచోట సిరా అంటదు. జిడ్డు వ్రాత యున్నచోట అంటును. ఇట్లు కాతిబు చేవ్రాత యే మార్పును లేక వేల ప్రతులగును. ఉర్దూ ప్రపంచమంతయు ఈ పద్ధతిని హత్తుకొనెను. ఛత్తాబజారు పేరుప్రఖ్యాతులకు ఈ చేవ్రాతయే మూలము. 1949లో హైదరాబాదున స్థాపింపబడిన సియాసత్ దినపత్రికను చిరకాలము కాతిబులు చేతితో వ్రాయగా అచ్చువేసిరి. మద్రాసులో 1927లో వెలసిన ముసల్మాన్ అను ఉర్దూ పత్రికయు తరతరములు చేవ్రాతతోనే సాగినది. పొద్దున వార్త, సాయంకాలమునకు చేవ్రాత, రాత్రికి అచ్చు. ఒక్క పొరపాటు దొరలినచో గీకి మఱల వ్రాయవలెను. కన్నును నడుమును అరుగదీయు వృత్తి అది. అయినను పదిమందికి అన్నము పెట్టిన వృత్తి.

పిదప యంత్రము నస్తాలీఖును ఎట్లు నేర్చినదో వినుడు. కరాచీ నగరమున మీర్జా అహ్మద్ జమీల్ అను చిత్రకారుడు, ముద్రాపకుడు ఉండెను. 1979లో సింగపూరు ప్రదర్శనమున మోనోటైపు కంపెనీవారి యంత్రము చీనా అక్షరములను కూర్చుట ఆయన చూచెను. చీనా వ్రాతలో ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క బొమ్మ. యంత్రము వేలకొలది బొమ్మలను జ్ఞాపకమునందుంచుకొనుచున్నది. అట్లయిన, ఉర్దూలో అక్షరములను విడివిడిగా గాక, కలిసిపోయిన అక్షరముల గుంపులను గుంపులుగానే యంత్రమునకు ఏల నేర్పరాదని ఆయనకు తోచినది. సుమారు 20,000 గుంపులను ఆయన తానే రెల్లు కలపు కొలతలు తప్పక వ్రాసి సిద్ధపఱచెను. ఆ వ్రాతకు తన తండ్రిగారి పేరిట నూరీ నస్తాలీఖని పేరిడెను. 1981లో జంగ్ అను దినపత్రిక దానితో లాహోరున అచ్చయినది. 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ అను సాధనము ద్వారా అది సామాన్యపు కంప్యూటర్లలోనికి వచ్చి పాతబస్తీ అంగళ్లకును చేరినది.

దీని ఫలము రెండు విధములు. వ్రాత బ్రతికినది. నేడు ఉర్దూ పత్రిక తెఱచిన వారికి ఆ వాలు, ఆ పారుదల చాలవఱకు చెక్కుచెదరక కనబడును. కాని వ్రాసిన చేతులకు కూడు తగ్గినది. పత్రికలలో కాతిబుల కొలువులు పోయినవి. ఛత్తాబజారులో కొందఱు పెండ్లి పత్రికలకును, పలకలకును ఇంకను చేతితో వ్రాయుచున్నారు. పెక్కుమంది కొడుకులు ఆ కలము పట్టలేదు. ఒకనాడు అట్టి వృద్ధ కాతిబు ఒకరు కలపు మొన కోయుచుండగా నేను నిలబడి చూచితిని. యంత్రముపై మీకు కోపము లేదా యని అడుగగా, అది మా చేతినే నేర్చుకొనినది గదా, దానిపై కోపమేల అని ఆయన నవ్విరి. నేను ఆ నవ్వును నేటికిని మఱువలేదు. యంత్రము నేర్చుకొనువఱకు ఆ చేయి మిగిలియుండుట ఆ వ్రాత చేసికొన్న అదృష్టము.

ఇప్పుడు మన ఇంటికి వత్తము. తెలుగునకు అట్టి అదృష్టము సగమే పట్టినది.

మన ముద్రాక్షరములు మొదటినుండియు నిలువు గుండ్రములు. హైదరాబాదున 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారు స్థాపించిన గోలకొండ పత్రిక మొదలు నేటి పత్రికలవఱకు మనము చదివినది ఆ నిలువు అక్షరమునే. కంప్యూటరు వచ్చిన తరువాత మంచి పని చేసినవారు లేకపోలేదు. తిరుమల కృష్ణదేశికాచారిగారు పోతన, వేమన అను అక్షరరూపములను చేసి అందఱకు ఉచితముగా నిచ్చిరి. ప్రతాపరెడ్డిగారి పేరిటనే సురవరము అను అక్షరరూపము పురుషోత్ కుమార్ గుత్తుల చేతిలో రూపొంది, సిలికానాంధ్ర సంస్థ ద్వారా 2013 ప్రాంతమున స్వేచ్ఛగా లభించినది. చిత్రకారుడు బాపు చేవ్రాతయు అచ్చక్షరమై పెండ్లి పత్రికలకెక్కినది. కాని గొలుసుకట్టును చూచి, చేయి తిరిగిన విధము నెఱిగి, అందుండి తెలుగు వాలు అక్షరమును చెక్కు పని గ్రిఫో వలె, జమీలు వలె చేయవలసియున్నది.

అది లేనందున ఏమగుచున్నది? ఫ్లెక్సీ చేయువాడు నిలువు అక్షరమును తీసికొని, మీట నొక్కి ప్రక్కకు త్రోయుచున్నాడు. త్రోసినపుడు పంక్తికి పైనున్న భాగము కుడికి పోవును. క్రిందనున్న భాగము ఎడమకు పోవును. ఫలితముగా తలకట్టు తరువాతి అక్షరమువైపు, ఒత్తు వెనుకటి అక్షరమువైపు జరుగును. ఒత్తు ఎవరిదో తెలియకపోవును. పిదప అక్షరమును దళసరి చేసినచో పొట్టలు పూడిపోవును. దకును ధకును, పకును ఫకును భేదము చూపు చిన్న గీత మాయమగును. మూలలు నఱికినచో గుండ్రదనము మీదనే బ్రతుకు రకారము, ఠకారము, సున్న గుర్తు తప్పును. పెద్దయ్య కన్ను అబద్ధమాడలేదు. ఆ అక్షరములు పరుగెత్తుచున్నవి కావు, త్రోయబడినవి; కనుకనే పడిపోవుచున్నట్లు కనబడెను. ఆషూర్‌ఖానా గోడమీది పలకకును పూతకును గల భేదమే ఇది.

అట్లని ఆ కుఱ్ఱవాండ్రను నేను తప్పుపట్టను. వారి కోరిక న్యాయమైనది. ఆటకు తగిన అక్షరము కావలెనని వారడిగిరి. తెలుగులో దానిని చేసి వారి చేతికి ఇచ్చినవారు లేకపోయిరి. లోపము మనది.

గొలుసుకట్టు పోయినచో పోవునది అందము మాత్రమే కాదని నేను స్వానుభవమున నేర్చితిని. మా తండ్రిగారు గతించిన పిదప మాకును మా దాయాదులకును మోటబావి నీటి వంతును గూర్చి తగవు వచ్చినది. వారమునకు మూడు దినముల నీరు మాదని మేము, కాదని వారు. మాటలు ముదిరి, కోర్టువఱకు పోవుటకు ఇరువురమును సిద్ధపడితిమి. తాతగారి సందుకములో పంపకముల కాగితము దొరికినది. కాని అది గొలుసుకట్టు. బడిలోను కాలేజీలోను చదివిన నేను దానిని తలక్రిందులుగా పట్టుకొంటినో, నేరుగా పట్టుకొంటినో నాకే తెలియలేదు. అప్పుడు దానిని చదివినవారు ఎవరనుకొంటిరి? ఆ గద్దెమీది పెద్దయ్యయే. వారు చిన్నతనమున మా తాతగారి వద్ద లెక్కలు వ్రాయ నేర్చినవారు. 1984లో కరణముల, పట్వారీల పదవులు రద్దగువఱకు చావడి కాగితములతో మెలగినవారు. కన్నులద్దములు సవరించుకొని, వ్రేలు పంక్తివెంట జరుపుచు, ఒక్క గ్రుక్కలో చదివిరి. మా వంతు మూడు దినములు కాదు, రెండే. నాకు తల వంగినది. కాని తగవు ఆనాడే తీరినది. నేటికిని ఆ రెండిండ్లవారు ఒక పంక్తిని భోజనము చేయుచున్నారు.

అందుచే, సంక్రాంతినాడు వారడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది. పెద్దయ్యా, వాలు వ్రాతను చూచి మీరు నవ్వితిరి. కాని మా తగవు తీర్చిన కాగితముమీది వ్రాతయు వాలు వ్రాతయే. దానిని చదువగల కన్ను మా ఊరిలో మీకొక్కరికే కలదు. ఆ ఫ్లెక్సీ కట్టిన కుఱ్ఱవాండ్రకు వాలు మీద మక్కువ కలదు. మీ వద్ద వాలు విద్య కలదు. ఈ రెండును కలియుటకు గద్దె దిగి నాలుగడుగులు వేసిన చాలును.

ఇతర గ్రామములందలి పెద్దలకును నా మనవి యిదియే. మీ సందుకములలో గొలుసుకట్టు కాగితములున్నచో పారవేయకుడు. నీడలో ఆరబెట్టి, మడతలు విప్పి, చదువ వచ్చినవారు ఒక మనుమనినో మనుమరాలినో ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివి వినిపింపుడు. ప్రతి పంక్తి క్రిందను నేటి అక్షరములతో ఆ మాటనే వేఱొక కాగితముపై వ్రాయింపుడు. ఏ అక్షరము ఏ అక్షరముతో ఎట్లు లంకెపడునో చూపుడు. ఆ పిల్లలలో ఒకరు రేపు కంప్యూటరు ముందు కూర్చుండి, మీ చేతి పరుగును యంత్రమునకు నేర్పవచ్చును. అప్పుడు మన కబడ్డీ పందెముల ప్రకటనపై అక్షరము దళసరిగా నుండును, కోణము తేలియుండును, వాలియుండును. అయినను ఒత్తు తన చోటనే యుండును, తలకట్టు తన అక్షరమునే కాచును. దూరమునుండి కుఱ్ఱవాడు దానిని చూచి ఉత్సాహపడును. గద్దెపైనుండి పెద్దయ్య దానిని తప్పులేక చదువును.

చేయి మిగిలియుండగనే యంత్రమునకు నేర్పవలెను. ఛత్తాబజారు కాతిబు నాకు నేర్పిన పాఠమిది. నేర్పగల చేతులు మనలో ఇంకను కొన్ని కలవు; కాలము మాత్రము ఎక్కువ లేదు.